అప్పు బోణీ

గంగాధరం చేతి బోణీ పడితే ఆ రోజు బేరానికి ఢోకా ఉండదని వనజాక్షికి ఎంత నమ్మకమో, పడకపోతే ఏమవుతుందోనని అంతకు రెండింతల భయం. అందుకే మైపాడు రేవుకు పోయే రోడ్డు వార ఆమె పొంగనాల బండి తెల్లారేసరికల్లా సిద్ధమైపోయినా, గంగాధరం పడవ ఒడ్డు చేరి ఆయన వచ్చి ఇరవై నోటు చేతిలో పెట్టేదాకా ఎవరికీ ఆకు వేసేది కాదు. ఆకలితో వచ్చినవాళ్ళు బండి గుంజకు ఆనుకుని నిలబడి, "మామ పడవ ఇంకా రాలేదా?" అని సముద్రం వైపు చూసేవాళ్ళు. నాకు ముందు పెట్టు అని మాత్రం ఎవరూ అనేవాళ్ళు కారు. రేవులో ఒకరి నమ్మకం జోలికి ఇంకొకరు పోరు, ఎవరి నమ్మకం వాళ్ళకూ ఉంటుంది కాబట్టి.

ఆ సోమవారం కూడా గంగాధరం మామూలుగానే వచ్చాడు. అరవై దాటిన మనిషి, తన పడవను తనే నడిపించే తండేలు. తడిసిన పంచె మోకాళ్ళ పైకి బిగించి ఉంది. కనుబొమల మీద ఉప్పు తెల్లగా ఆరిపోయి ఉంది. బకెట్లో చేతులు ముంచి కడుక్కుని, మొలలో ప్లాస్టిక్ కవర్లో చుట్టి దోపుకున్న నోటు విప్పి, కుడిచేత్తో ఇచ్చాడు. వనజాక్షి దాన్ని కళ్ళకద్దుకుని డబ్బాలో అట్టడుగున పెట్టింది.

"పెట్టు మే," అన్నాడాయన.

వనజాక్షి పిండి గరిటె వెంటనే అందుకోలేదు. ఎందుకంటే ఆ పూట పొయ్యి మీద ఉన్నది కొత్త పెనం.

పాతది ఇనప పెనం, తొమ్మిది గుంతలది. ఒక్కో గుంతలో కోడిగుడ్డు సగానికి పైగా దిగేది. కొత్తది నల్లగా నిగనిగలాడుతూ పన్నెండు గుంతలతో చూడముచ్చటగా ఉంది గానీ, లోతు తక్కువ. శనివారం మధ్యాహ్నం నెల్లూరు బజారులో, మొగుడు మస్తాన్‌ను ఆటోలోనే కూర్చోబెట్టి, నాలుగు అంగళ్ళు తిరిగి, ఒక్కో పెనం గుంతలో బొటనవేలు పెట్టి లోతు చూసి మరీ ఎంచుకుంది. ఇరవైకి ఆరు అన్న మాట మారలేదు. ఆ ఆరే మారాయి.

మాట మార్చడం ఆమె వల్ల కాలేదు. ఎనిమిది నుంచి ఏడుకు, ఏడు నుంచి ఆరుకు దిగిన ప్రతిసారీ రేవంతా ఆమెను వారం రోజులు ఆటపట్టించింది. కిందటిసారి గంగాధరం పడవలోనే పనిచేసే పెంచలకృష్ణ, "ఈసారి వట్టి చట్నీ పోసి వాసన చూపిస్తావా అక్కా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూ అన్న మాటే ఎక్కువ రోజులు గుచ్చుకుంటుంది. మినప్పప్పు, నూనె, గ్యాసు ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని పైకి పోతున్నాయి. పిండి పులిసిపోకుండా ఉంటుందని దసరాకు వాయిదాల మీద తెచ్చిన ఫ్రిజ్జు ఇంట్లో గుర్రుమంటోంది. గుంతలో పట్టినంతే పొంగనం, గుంతే చిన్నదైతే నేనేం చేస్తాను అనుకుంది. శనివారం నాడు ఈ న్యాయం బాగానే నిలబడింది. సోమవారం గంగాధరం ముందర మోకాళ్ళు విరిగి కూలబడింది.

ఉల్లిపాయ చెక్కను పుల్లకు గుచ్చి, నూనెలో ముంచి, గుంతలన్నీ తుడిచింది. పిండి పోసి మూత పెట్టింది. అంచులు ఎర్రబడి చిటపటమన్నాక, ఇనప పుల్లతో ఒక్కోదాన్నీ మెడ కింద గిల్లినట్టు లేపి బోర్లించింది. పాత పెనంలో అయితే అవి బద్ధకంగా దొర్లేవి. ఇవి గభాలున తిరగబడ్డాయి. ఆరూ ఆకులో వేసి, చట్నీ మామూలు కంటే రెండు గరిటెలు ఎక్కువ పోసి, తల ఎత్తకుండా అందించింది.

గంగాధరం ఒక పొంగనం తీసుకుని వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి చూశాడు. తర్వాత పెనం వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు.

"ఇంట్లో అంతా బాగుండారా మే?" అన్నాడు.

"బాగుండారు మామా."

"ఊఁ," అని నాలుగు తిని, మిగిలిన రెండూ భార్య కామమ్మ కోసం రోజూలాగే ఆకులో మడిచి పట్టుకుని వెళ్ళిపోయాడు. వనజాక్షి గుండెల మీద బరువు దిగిపోయింది. గమనించలేదులే అనుకుంది. అలా అనుకున్నందుకు రాత్రి నిద్ర కూడా బాగానే పట్టింది.

*

మంగళవారం గంగాధరం రాలేదు.

పడవ వచ్చింది. ట్రాక్టరు దాన్ని ఇసుక మీదకి లాగింది. మనుషులు వలలు దులుపుతున్నారు. వాళ్ళలో ఆయన తెల్లటి తల కనిపించింది కూడా. వనజాక్షి పెనం వేడెక్కించి, మళ్ళీ మంట తగ్గించి, మళ్ళీ పెంచి కాచుకుని ఉంది. చేపల వేలంపాట అయిపోయింది. గంగాధరం తువ్వాలు భుజాన వేసుకుని, ఆమె బండి ఉన్న రోడ్డు మీదుగా కాకుండా వలల పాకల వెనక నుంచి ఇంటిదారి పట్టాడు.

పెంచలకృష్ణ వచ్చాడు. "మామ ఏడి?" అని అడిగింది.

"యామో అక్కా. ఆకలిగా లేదన్నాడు. మూడు గంటలు వల లాగినోడికి ఆకలి లేకపోవడం ఏందో నాకూ అర్థం కాలా." అని ఫోన్ తీసి డబ్బులు కొట్టాడు. బండికి వేలాడదీసిన పెట్టె, ఇరవై రూపాయలు అందాయని గొంతెత్తి అరిచింది. ఆ పూటకు అదే బోణీ. వనజాక్షికి ఏం చేయాలో తోచక పెట్టెనే కళ్ళకద్దుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆకు చేతిలోకి తీసుకున్న పెంచలకృష్ణ, "ఇవి పొంగనాలా అక్కా, గోలీకాయలా?" అన్నాడు.

అంతే, వనజాక్షికి నవ్వు చచ్చిపోయింది. పొద్దుట్నుంచి దేన్ని తలచుకోకూడదని పనిలో తల దాచుకుందో అది ఎదురుగా వచ్చి నిలబడింది. మామ చూశాడు. చూసి ఒక్కమాట అనకుండా పోయాడు. తిట్టినవాడు రేపు మళ్ళీ వస్తాడు. ఏమీ అననివాడు మళ్ళీ ఎందుకొస్తాడు?

బుధవారం రాలేదు. గురువారం ఆయన పాకల సందులో మలుపు తిరుగుతుండగా ఇద్దరి చూపులూ ఒక్క క్షణం కలిశాయి. గంగాధరం తువ్వాలు సర్దుకుంటున్నట్టు ముఖం అటు తిప్పుకున్నాడు. వనజాక్షి ఇనప పుల్ల చేతిలో పట్టుకుని ఆ సందు వైపే చూస్తూ ఉండిపోయింది. పొంగనాలు రెండు గుంతల్లో మాడిపోయాయి కూడా.

బేరం మాత్రం పెద్దగా తగ్గలేదు. ఆ మాట చెప్పుకోవాలి. తింటూ సణిగేవాళ్ళు సణిగారు, తినడం మానలేదు. అయినా ఆమెకు బండి దగ్గర కాలు నిలవడం లేదు. అడుగున నోటు లేని డబ్బా ఆమెకు అడుగే లేని డబ్బాలా అనిపిస్తోంది.

శుక్రవారం సాయంత్రం పప్పు నానబోస్తుంటే, మస్తాన్ టీవీ ముందు కూర్చుని, "వింటివా? ధరల పెరుగుదల తగ్గిందంట," అన్నాడు.

"అంటే మినప్పప్పు తగ్గుద్దా?"

"తగ్గదు."

"నూనె?"

"అదీ తగ్గదు. పెరిగేది తగ్గిందంట. నా ఆటోలో చూడు, ఎక్కినోళ్ళు ఎక్కినట్టే కూర్చోనుంటారు, ఒక్కడూ దిగడు. కొత్తగా ఎక్కేవాళ్ళే నిదానంగా ఎక్కుతారు. అదీ వాళ్ళు చెప్పేది."

"మరి దానికి ఎందుకంత సంబరంగా చెబుతా ఉండాడు?"

"వాడు ఆటోలో లేడు గదా," అన్నాడు మస్తాన్.

వేరే రోజైతే ఆమె నవ్వేది. మస్తాన్ టీవీ గొంతు తగ్గించి దగ్గరికి వచ్చి, పప్పు గిన్నె తను అందుకున్నాడు. "ఏంది మే, నాలుగు దినాలుగా చూస్తా ఉండా. మామ రాలేదనా?"

"నేను పెనం మార్చినా గదా."

"దేశంలో అందరూ మార్చినారు. సబ్బు చిన్నదైంది, బిస్కెట్ పొట్లంలో గాలి ఎక్కువైంది. వాళ్ళెవరైనా నీలాగా నిద్ర మానుకున్నారా?"

"వాళ్ళకు గంగాధరం మామ లేడు," అంది వనజాక్షి. మస్తాన్ పప్పు మూడుసార్లు కడిగి, నీళ్ళు వంచి, గిన్నె ఆమె పక్కనే పెట్టి కూర్చున్నాడు.

ఆదివారం నెల్లూరు నుంచి కార్లు బారులు తీరాయి. ఎండ కళ్ళద్దాల పిల్లలు, సెల్ఫీ కర్రలు, బీచి దగ్గర కొత్తగా పెట్టిన కాఫీ అంగడి కాగితపు గ్లాసులు. ఒక జంట బండి దగ్గర ఆగి, "ఇరవైకి ఆరా ఆంటీ? ఇంత చీపా!" అని ఆశ్చర్యపోయి, ఆకుకు ఫోటో తీసి, సగం తిని సగం కుక్కకు వేసి వెళ్ళిపోయింది. పొంగనం ఎంతుందో వాళ్ళు చూడనే లేదు. అది చూసి కూడా మాట అనని మనిషి ఈ ఊళ్ళో ఒక్కడు. ఆ ఒక్కడినే పోగొట్టుకుంది తను. వనజాక్షి మధ్యాహ్నానికే పొయ్యి కట్టేసింది. పోయి తిట్లు తినేసి రావడమే మంచిదనుకుని, కొంగు బిగించి కామమ్మ ఇంటికి బయల్దేరింది.

*

కామమ్మ ఇంటి ముందర ఇసుకలో వల పరచి, దాని మీద నెత్తళ్ళు ఆరబోసి, కాకులను తోలుతూ కూర్చుని ఉంది. వనజాక్షిని చూడగానే ముఖం విప్పారింది. "రా మే, రా. మీ మామ లేడు, ఇంజను కాడికి పోయినాడు. అది ఈమధ్య మనిషికంటే ఎక్కువ దగ్గతా ఉండాది." అని పక్కన చోటు చూపించింది.

వనజాక్షి కూర్చుంది. కూర్చున్నాక ఏం చెప్పాలో తెలియక తనూ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది. రెండు వరసలు తిరగేశాక నోరు పెగిలింది.

"మామకు నా మీద కోపం వచ్చినాదా అత్తా?"

"కోపమా? నీ మీదనా? ఎందుకు?"

"బండి కాడికి రావడంలా. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు."

కామమ్మ కాకుల కర్ర కింద పెట్టింది. "చెప్పొద్దన్నాడు. చెప్పకపోతే నువ్వేమేమో అనుకుంటావని నేనంటానే ఉండా," అని నిట్టూర్చింది. "చేతిలో నోటు ఆడ్డంలా మే. ఇంజను అప్పుండాది గదా. వడ్డీ పెరిగినప్పుడు వాయిదా పెరిగిందని ఫోన్‌కి మెసేజి వచ్చె. ఇప్పుడు తగ్గిందని టీవీలో చెబుతా ఉండారు, మనకు మెసేజి రాలా. ఎక్కినప్పుడు తలుపు కొట్టి చెప్పినోళ్ళు, దిగినప్పుడు చెప్పరంట. చేపల డబ్బు సావుకారు నేరుగా బ్యాంకులో వేస్తాడు. బ్యాంకు ఆడికాడే కోసుకుంటుంది. మా చేతికి వచ్చేది వాసన. పోయిన సోమవారం నీకిచ్చిందే ఆఖరు నోటు."

"ఓర్నాయనా! ఆ మాత్రానికి రావడం మానేస్తాడా? అప్పు పెట్టనా నేను? సగం రేవు అప్పుకే తింటా ఉండాది గదా!"

"అందరూ అప్పుకు తినొచ్చు. ఆయన తినకూడదు," అంది కామమ్మ. "ఆయన బోణీ మనిషి. బోణీ అప్పు పడితే ఆ రోజంతా అప్పే పడుతుంది, నా వల్ల దాని అంగడి మునగకూడదు అంటాడు. పోనీ ఆలస్యంగా పో, ఇంకెవరో బోణీ చేసినాక తిను అంటే, నేను ఎదురుగా నిలబడి ఉంటే అది ఇంకొకరి చేతి నోటు తీసుకోదు అంటాడు. సద్దన్నం మూట కట్టించుకుని పోతా ఉండాడు. అది తింటే ఆయనకు పడదు, మధ్యాహ్నానికి గుండెలు మండుతాయి. చెబితే వినడు."

వనజాక్షి చేతిలో నెత్తళ్ళు అలాగే ఉండిపోయాయి. వారం రోజులుగా తను మోసిన బరువు ఒకటి, ఆయన మోస్తున్నది ఇంకొకటి. ఇద్దరూ ఒకే దారిలో ఒకరికి ఒకరు కనపడకుండా పాకల చాటున తిరుగుతున్నారు.

"నేను పెనం మార్చినానత్తా," అంది. "చిన్న గుంతలది కొన్నా. ఆరని చెప్పి మోసం చేసినా. అందుకే రావడంలా అనుకున్నా."

"తెలుసులే మే."

"నీకు తెలుసా?"

"రెండు తెచ్చి ఇస్తాడు గదా రోజూ. ఆ రోజు ఆకు విప్పి చూపించి, 'కామా, వనజ పెనం మార్చింది. పాపం, ఎంత ఇబ్బందిలో ఉండాదో బిడ్డ. నోరు తెరిచి ఒక్కటి తగ్గిస్తానని చెప్పలేకపోయింది' అన్నాడు. ఆ రెండూ తినబుద్ధి గాలేదు మాకు, చూస్తా కూర్చున్నాం. 'దానికే గడవక పెనం మార్చుకుంటే, నేను పోయి దాని కాడ అప్పు పెట్టేదా?' అన్నాడు. ఆ మరుసటి రోజు నుంచే ఆ దారి మానేసినాడు."

కాకి ఒకటి ధైర్యం చేసి వల అంచున వాలి, ఒక చేప నోట కరుచుకుని పోయింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తోలలేదు.

*

సోమవారం తెల్లవారకముందే వనజాక్షి మంచం కింద గోనెపట్టాలో చుట్టి పెట్టిన పాత పెనం బయటికి తీసింది. వారానికే తుప్పు వాసన తగిలింది. బూడిదతో తోమి, నూనె రాసి, మంట మీద కాల్చి, మళ్ళీ రాసింది. మస్తాన్ ఏమీ అడగకుండా దాన్ని బండి దాకా మోసుకొచ్చి పొయ్యి మీద పెట్టాడు.

"నువ్వు ఇక్కడే ఉండు. ఎవరికీ పెట్టొద్దు," అని చెప్పి, సత్తు గిన్నె ఒకటి చంకలో పెట్టుకుని ఇసుకలోకి దిగింది.

పడవ అప్పుడే ఒడ్డెక్కింది. వల ఇంకా పూర్తిగా దులపలేదు. సావుకారు మనిషి మోటారుబండి మీద కూర్చుని వేలానికి ఎదురుచూస్తున్నాడు. వేలానికి పోకుండా పడవలో ప్రతి మనిషికీ ఇంటి కూరకని ఇన్ని చేపలు దక్కుతాయి. అవి ఎవరి వంతు వాళ్ళవి, సావుకారుకూ బ్యాంకుకూ వాటి మీద హక్కు లేదు. గంగాధరం తన వంతు కవళ్ళ చేపలు గంపలో వేసుకుంటుండగా, ఎదురుగా రెండు కాళ్ళు కనిపించి తలెత్తాడు. పారిపోవడానికి వెనక పాకలు లేవు, సముద్రమే ఉంది.

"ఇరవైకి చేపలు పెట్టు మామా," అంది వనజాక్షి. నోటు చాపింది. "బోణీ నాది."

గంగాధరం నోటు వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. కామమ్మ నోరు జారిందని అర్థమైంది కాబోలు, చెవులు ఎర్రబడ్డాయి.

"నీకెందుకు మే డబ్బులు? కూరకు కావాల్సినవి తీసుకుపో."

"ఊరికే వద్దు. కొనుక్కునేదానికే వచ్చినా. అమ్ముతావా అమ్మవా?"

పెంచలకృష్ణ వల దులపడం ఆపి చూస్తున్నాడు. మిగతావాళ్ళూ ఆపారు. గంగాధరం కాసేపు గంప అంచు గీకుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత రెండు చేతులా కవళ్ళు తీసి గిన్నెలో పోశాడు. ఇంకో చేరెడు పోశాడు. మళ్ళీ పోయబోతే, "చాలు మామా, ఇరవైకి ఇన్ని రావు ఈ కాలంలో," అని గిన్నె వెనక్కి తీసుకుంది. తడిచేతులు పంచెకు తుడుచుకుని, ఆయన నోటు అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"ఇప్పుడు ఆకలిగా ఉండాదా?" అని అడిగింది.

"బోణీ డబ్బు ఎంబడే చేయి దాటించకూడదు మే."

"వారం దినాలు గుండెల్లో మంట పెట్టుకొమ్మని ఏ శాస్త్రంలో ఉండాది?"

గంగాధరం లేచాడు. వేలం పాటగాడు పిలుస్తున్నా వినిపించుకోకుండా, నోటు గాలికి ఎగిరిపోకుండా గుప్పిట్లో పట్టుకుని ఆమె వెనకే ఇసుకలో నడిచాడు. బండి దగ్గర బకెట్లో చేతులు కడుక్కుని, కుడిచేత్తో నోటు ఇచ్చాడు. తను ఇచ్చిన నోటే తనకు తిరిగొచ్చిందని వనజాక్షికి తెలుసు. దాని మీద చేపల పొలుసు ఒకటి అంటుకుని ఉంది కూడా. అయినా ఎప్పటికంటే ఎక్కువసేపు కళ్ళకద్దుకుంది.

అప్పటికి బండి చుట్టూ పదిమంది చేరారు. వనజాక్షి వాళ్ళందరికీ వినపడేలా, "ఈ పొద్దు నుంచి ఇరవైకి అయిదు. పాత పెనంవి. ఇష్టమైతే తినండి," అంది. అనేసి, ఎవరి వైపూ చూడకుండా పిండి పోయడంలో పడింది.

"అయిదేనా?" అన్నాడు పెంచలకృష్ణ.

"అయిదే," అన్నాడు గంగాధరం, ఆమె నోరు తెరిచే లోపలే. "డీజిల్ పెరిగితే నోరు మూసుకుని పోయించుకుంటా ఉండావు గదరా. అక్కడెవడినైనా అడిగినావా, లీటరుకు ఎందుకింతని?"

పెంచలకృష్ణ తల గోక్కున్నాడు. ఎవరో నవ్వారు. ఇంకెవరో, "నాకు రెండు ప్లేట్లు అక్కా," అన్నారు. అంతటితో అయిపోయింది. ఆ ఒక్క మాటకు భయపడి ఆమె నెల్లూరు దాకా పోయి వచ్చింది.

పొంగనాలు బద్ధకంగా దొర్లాయి. అయిదూ ఆకులో వేసి గంగాధరానికి అందిస్తూ, ఎవరికీ వినపడకుండా, "పెనం మార్చినానని ఆ రోజే కనిపెట్టినావు గదా మామా. ఒక్కమాట అడక్కపోతివే," అంది.

ఆయన మొదటి పొంగనం విరిచాడు. ఆవిరి లేచింది. చల్లారనిస్తూ, "తెలీక చేసిన తప్పయితే చెప్పేవాణ్ణి మే," అన్నాడు. "తెలిసి చేసినావు. అంటే నువ్వు అప్పటికే నొచ్చుకుని ఉండావు. మళ్ళీ నేనడిగితే ఏడుస్తావు గదా."

అడక్కపోయినా ఏడుపు వచ్చేసింది వనజాక్షికి. గ్యాసు పొయ్యి కాబట్టి పొగ మీదికి నెట్టేయడానికి కూడా లేదు. రేవంతా చూస్తుండగానే, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా, ఒక చేత్తో పొంగనాలు తిరగేస్తూ ఏడ్చింది.